ఘటన మనకి, కుంభకోణం వాళ్ళకి

మొన్న శనివారం మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’ వేశాం. వాటర్‌గేట్ కుంభకోణం మీద 1976లో వచ్చిన సినిమా. అయిపోయాక ఒక సీనియర్ లెక్చరర్ గారు లేచి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇద్దరు విలేకరులు అమెరికా ప్రెసిడెంటు కుర్చీనే కదిలించారు, ప్రజాస్వామ్యం అంటే ఇదీ, పత్రిక అంటే ఇదీ అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు వెనక బెంచీలోంచి బీఏ రెండో ఏడాది అమ్మాయి ఒకతి అడిగింది. “మేడం, మొదట్లో తలుపుకి టేపు చూసిన ఆ వాచ్‌మన్ తర్వాత ఏమయ్యాడు?”

స్టేజీ మీద ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ వారం నేను రాస్తున్నది ఆ అమ్మాయి కోసం.

అతని పేరు ఫ్రాంక్ విల్స్. నల్లజాతి యువకుడు. 24 ఏళ్ళు. వారానికి 80 డాలర్ల జీతం. 1972 జూన్ 17, అర్ధరాత్రి దాటింది. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో రౌండు కొడుతుంటే, ఒక తలుపు గడియ పడకుండా ఎవరో టేపు అంటించి ఉంది. పనివాళ్ళు అంటించి మర్చిపోయారేమో అనుకుని పీకేశాడు. కాసేపాగి వచ్చి చూస్తే మళ్ళీ టేపు. ఫోన్ తీసి పోలీసుల్ని పిలిచాడు. డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో అయిదుగురు దొరికారు. అక్కడ మొదలైన తీగ లాగితే 1974 ఆగస్టు 9న నిక్సన్ కుర్చీ దిగాడు.

సినిమాలో ఆ వాచ్‌మన్ వేషం వేసింది ఎవరో తెలుసా? ఫ్రాంక్ విల్సే. తన బతుకులో తన పాత్ర తనే వేశాడు. తలుపు చూశాడు, ఫోన్ చేశాడు, వెళ్ళిపోయాడు. మిగతా రెండు గంటలూ రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, డస్టిన్ హాఫ్‌మన్‌లవి.

ఆ తర్వాత సంగతి సినిమాలో లేదు. కొన్నాళ్ళు పేపర్లు పొగిడాయి. ఆ ఉద్యోగం వదిలేశాడు, ఇంకో ఉద్యోగం నిలబడలేదు. జబ్బుపడ్డ తల్లిని చూసుకుంటూ ఆమెకొచ్చే పింఛను మీదే ఇద్దరూ బతికారు. ఆమె చనిపోతే ఖననానికి డబ్బుల్లేక శరీరాన్ని వైద్య పరిశోధనకి ఇచ్చాడు. 2000లో మెదడులో కణితితో తనూ పోయాడు. 52 ఏళ్ళు.

రెండు శిక్షలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశాన్ని మోసం చేసిన నిక్సన్‌కి 1974 సెప్టెంబరు 8న కొత్త ప్రెసిడెంటు ఫోర్డ్ సంపూర్ణ క్షమాభిక్ష ఇచ్చాడు. ఆ మోసాన్ని పట్టించినవాడికి 1983లో 12 డాలర్ల బూట్ల జత దొంగిలించాడని ఏడాది జైలుశిక్ష వేశారు.

“సినిమా విలేకరుల గురించి కదా, వాచ్‌మన్ గురించి కాదు కదా” అంటారు కొందరు మిత్రులు. సరే. ఆ విలేకరుల కష్టాన్ని నేను కాదనను. నా ప్రశ్న వేరే. అసలు దేన్ని కుంభకోణం అంటారు?

వాటర్‌గేట్‌కి రెండున్నరేళ్ళ ముందు, 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున, చికాగోలో పోలీసులు ఇంకో తలుపు బద్దలుకొట్టారు. లోపల బ్లాక్ పాంథర్స్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ నిద్రలో ఉన్నాడు. 21 ఏళ్ళు. ఆ ఇంటి ప్లాను గీసి ఎఫ్‌బీఐకి ఇచ్చింది వాళ్ళు పాంథర్స్‌లోకి పంపిన ఇన్‌ఫార్మర్. పోలీసులు 80కి పైగా తూటాలు కాల్చారు. హాంప్టన్, అతని సహచరుడు మార్క్ క్లార్క్ చనిపోయారు. భీకరమైన ఎదురుకాల్పులు జరిగాయన్నారు. ఈ కథ మనకి కొత్తా? పాంథర్స్ తూటాలు చేసిన రంధ్రాలంటూ అక్కడి ఒక పెద్ద పత్రిక ఫొటోలు కూడా వేసింది. వేరే విలేకరులు వెళ్ళి చూస్తే అవి మేకుల తలలు! ఈ దాడికి బాధ్యుడైన ప్రభుత్వ న్యాయాధికారి మీద కేసు నడిచింది. 1972లో, అంటే వాటర్‌గేట్ దొంగలు దొరికిన ఏడాదే, నిర్దోషిగా బయటికొచ్చాడు.

పార్టీ ఆఫీసులో దొంగతనంగా చొరబడితే ప్రెసిడెంటు పదవి పోయింది. నిద్రపోతున్న నల్లజాతి నాయకుణ్ణి చంపితే ఏ ఒక్కడికీ శిక్ష పడలేదు. చొరబాటు తప్పు అయినందుకు కాదు, పెద్దవాళ్ళ ఇంట్లో చొరబడినందుకు అది కుంభకోణం అయింది.

హాంప్టన్ మీద హాలీవుడ్ కథాచిత్రం రావడానికి యాభై ఏళ్ళు దాటింది. 2021లో ‘జూడాస్ అండ్ ది బ్లాక్ మెస్సయ్య’ వచ్చింది. హాంప్టన్ వేసిన నటుణ్ణి, ఇన్‌ఫార్మర్ వేసిన నటుణ్ణి, ఇద్దర్నీ ఆస్కార్ వాళ్ళు సహాయనటుల జాబితాలోనే పెట్టారు. మరి హీరో ఎవరయ్యా? తన చావు మీద తీసిన సినిమాలో కూడా మనవాడు సహాయపాత్రే!

మనవాడు అని ఊరికే అనలేదు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాశాడు. వాటర్‌గేట్ నాటి 1972లోనే బొంబాయి కుర్రాళ్ళు ఆ పాంథర్స్ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. బంధుత్వం పాతదే.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగిపోతుంటాను. మన పేపర్లు తీసి చూడండి. డబ్బులు పోతే కుంభకోణం. భూములు పోతే కుంభకోణం. మన ప్రాణాలు పోతే? “కారంచేడు ఘటన”. “చుండూరు ఘటన”. ఘటన అంటే దానంతటది జరిగిపోయేది. వాన పడ్డట్టు, చెట్టు కూలినట్టు. కుంభకోణంలో చేసినవాడు ఉంటాడు. ఘటనలో పోయినవాళ్ళు మాత్రమే ఉంటారు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. పోలీసులు ఊళ్ళో ఉండగానే. వాటర్‌గేట్ విచారణలో సెనేటర్ బేకర్ అడిగిన ప్రశ్న ప్రపంచమంతా వల్లె వేస్తుంది: ప్రెసిడెంటుకి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది? చుండూరులో పైనున్నవాళ్ళకి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది? ఎవరడిగారు?

మనవాళ్ళే అడిగారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పోరాడి సాధించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు శిక్ష పడ్డవాళ్ళందర్నీ వదిలేసింది. కారంచేడు తర్వాత హైకోర్టు ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి బాధితుల పక్కన నిలబడిన బొజ్జా తారకం గారి పాత్ర మన పెద్ద హీరోల్లో ఎవరు వేశారు?

మా నాన్న విజయవాడలో ఒక అపార్ట్‌మెంటుకి పదకొండేళ్ళు వాచ్‌మన్. మెట్ల కింద గదిలో పడుకుని నేను ఇంటర్ చదివాను. ఒక రాత్రి మూడో అంతస్తులో దొంగ పడితే పట్టుకున్నది నాన్నే. పోలీసులు వచ్చి ముందు సోదా చేసింది మాత్రం మా గదిని. నా పుస్తకాల ట్రంకుపెట్టె కూడా బోర్లించారు. అసోసియేషన్ మీటింగులో పోలీసులకి ఫోన్ చేసిన మూడో అంతస్తు సార్‌కి శాలువా కప్పారు. కుర్చీలు వేసింది నాన్న.

అందుకే ఆ అమ్మాయి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. చప్పట్లు కొట్టిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి కదా. వాచ్‌మన్ కూతురిని, నాక్కూడా ఆ వాచ్‌మన్ గుర్తు రాలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇకమీదట ఏ సినిమా చూసినా ఆ అమ్మాయిలా చూడండి. టేపు మొదట చూసినవాడు ఎవడు, వాడు తర్వాత ఏం తిని బతికాడు అని అడగండి. వార్త రాసేటప్పుడు, పరీక్షలో రాసేటప్పుడు, చివరికి మీ పోస్టుల్లో కూడా “ఘటన” అని రాయబోతే ఒక్క క్షణం ఆగండి. ఊచకోత అని రాయండి. హత్య అని రాయండి. చేసిందెవరో తేలితే వాళ్ళ పేరు రాయండి.

ఆ అమ్మాయి మళ్ళీ శనివారం ఏ సినిమా వేస్తున్నారని అడిగింది. ఈసారి నువ్వే ఎంచమన్నాను.

జై భీమ్.