జూమ్ చేస్తే క్విల్ట్ పెరగదు

ఫోన్‌లో ఫొటోని రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుంది. క్విల్ట్ ప్యాటర్న్ అలా కాదు. మన ఇళ్లలో పాత చీరల బొంతకి ప్యాటర్న్ గొడవే లేదు, ఉన్న ముక్కని ఉన్నచోట వేసి కుట్టేసేవాళ్లు. అమెరికా ప్యాచ్‌వర్క్ క్విల్ట్ మాత్రం లెక్క మీద నడుస్తుంది. ముందు చదరాల బ్లాకులు కుట్టి, తర్వాత వాటిని కలుపుతారు.

డాలస్‌లో ఉన్న మా అక్కకి ఈ పిచ్చి పట్టింది. అమ్మమ్మ కాటన్ చీరలు మూడే మిగిలాయి, వాటితో పాపకి క్విల్ట్ కుట్టాలట. ప్యాటర్న్‌లో బ్లాకు 6 అంగుళాలు, తనకి 9 కావాలి. "ఒరేయ్, అన్ని కొలతల్నీ ఒకటిన్నరతో గుణించేస్తే అయిపోదూ?" అని మెసేజ్. "కత్తెర కింద పెట్టక్కా" అన్నాను. కోడ్‌కి అన్‌డూ ఉంది, చీరకి లేదు.

తిరకాసంతా కుట్టు దగ్గర. ప్రతి ముక్కకీ నాలుగు వైపులా పావు అంగుళం గుడ్డ కుట్టుకోసం వదులుతారు. బ్లాకు ఎంత పెరిగినా ఆ పావు పెరగదు. వెబ్ పేజీలు చేసేవాళ్లకి చెప్పాలంటే, అది ఫిక్స్‌డ్ ప్యాడింగ్.

తొమ్మిది గళ్ల బ్లాకే తీసుకోండి. కుట్టాక ఒక్కో గడి 2 అంగుళాలు, కత్తిరించేది 2.5. నేరుగా ఒకటిన్నర రెట్లు చేస్తే 3.75. అందులో కుట్టుకి అర అంగుళం పోతే 3.25. మూడు గళ్లు కలిపితే 9 కాదు, 9.75! గళ్లన్నీ ఒకే సైజు కాబట్టి ఇక్కడ బ్లాకు పెద్దదవుతుందంతే. ఒక పెద్ద ముక్క పక్కన రెండు చిన్నవి వచ్చే డిజైన్‌లో అయితే అంచులే కలవవు.

అందుకే ముందు అర అంగుళం తీసెయ్యాలి, మిగిలినదాన్ని గుణించాలి, మళ్లీ అర కలపాలి. 2.5 కాస్తా 2, అది 3, చివరికి 3.5. గుడ్డ కూడా మిగులుతుంది: 3.75 ముక్కకి 3.5 ముక్క కన్నా దాదాపు 15 శాతం ఎక్కువ పడుతుంది. మూడే చీరలున్నప్పుడు అది తక్కువేం కాదు.

త్రికోణాలకి లెక్క వేరు. చదరాన్ని ఐమూలగా ఒకసారి కోసి రెండు త్రికోణాలు చేస్తే, తీసి కలపాల్సింది అర కాదు, 7/8 అంగుళం. ప్యాటర్న్‌ని జిరాక్స్ షాపులో 150 శాతానికి పెంచితే? కుట్టు మార్జిన్ కూడా పెరిగి 3/8 అవుతుంది. దాన్ని చెరిపి మళ్లీ పావు గీసుకోవాలి.

తొమ్మిది గళ్లకి 6, 9, 12 లాంటి మూడుతో తెగే సైజులే ఎంచుకోండి. 8 అంటే ఒక్కో గడి 2.666, టేపు మీద వెతుక్కోవాల్సిందే. ముందు పాత దుప్పటి ముక్కతో ఒక బ్లాకు కుట్టి కొలవండి. 9.5 రావాలి, బయటి అంచులు ఇంకా కుట్టలేదు కదా.

బ్లాకు పెంచితే కష్టం కూడా బాగా తగ్గుతుంది. 54×72 అంగుళాల క్విల్ట్‌కి 6 అంగుళాల బ్లాకులు 108 కావాలి, 9 అంగుళాలవి 48 చాలు. అంటే 972 ముక్కల బదులు 432.