దొరికిన ఉపగ్రహం

తప్పిపోయిన గేదె కోసం రాత్రివేళ దాని మెడగంట చప్పుడుకు చెవి ఒగ్గినవారు మీలో ఉంటారు. కెనడాలో స్కాట్ టిల్లీ అనే ఆయన ఆకాశం వైపు అలాగే చెవి ఒగ్గారు. ఆయన నాసా ఉద్యోగి కారు. కేవలం ఇష్టంకొద్దీ ఏరియల్ పెట్టుకొని ఉపగ్రహాల సంకేతాలు వింటుంటారు.

అమెరికా 2000లో పంపిన ‘ఇమేజ్’ ఉపగ్రహం 2005 డిసెంబరులో మూగబోయింది. ఇక పోయిందనుకున్నారు. 2018 జనవరిలో ఆయన వేరొక ఉపగ్రహాన్ని వెదుకుతుండగా దీని సంకేతం దొరికింది! నాసా పరీక్షించి, అదేనని చెప్పింది. కొన్ని నెలలకు ఆ సంబంధం మళ్లీ తెగిపోయింది. అయినా పన్నెండేళ్ల మౌనం తరువాత దానిని గుర్తుపట్టినది జీతగాడు కాదు, ఆసక్తిగలవాడు.

మీ పిల్లలు రాత్రి ఆరుబయట చుక్కలు చూస్తూ కూర్చుంటే, వెంటనే గద్దించి లోపలికి పిలవకండి. కాసేపు మీరూ పక్కన కూర్చోండి.