ఫ్యామిలీలో అమ్మ లేదా?

సెలవులొస్తే మా ఇంట్లో ఒకటే ముచ్చట. రావిర్యాల వండర్‌లాలో తర్వాత ఏ రైడ్ వస్తుందో అని! 2016లో తెరిచిన ఆ పార్కులో పిల్లలు ముందు చెప్పే పేరు రీకాయిల్. తలకిందులు చేసి, మళ్లీ అదే దారిలో వెనక్కి తీసుకొస్తుంది. "ఇంకోటి వస్తే ఫ్యామిలీ కోస్టరే అయితది. అప్పుడు అమ్మ కూడా ఎక్కొచ్చు" అని మా పెద్దోడి అంచనా.

నాకు నవ్వొచ్చింది. నేను ఎక్కనిది రైడ్ లేకనా?

ఓసారి ఓ పార్కుకు పోయాం. నారాయణఖేడ్‌లో పొద్దుగాల నాలుగింటికే లేచి, దారిలో తినడానికి పులిహోర కలిపింది నేను. అక్కడికి పోయాక అందరూ లైన్‌లో, నేను చెట్టు కింద. చేతిలో బ్యాగులు, ముందు నాలుగు జతల చెప్పులు. "నువ్వు భయపడతావులే" అన్నారు మా ఆయన. నన్ను అడిగితే కదా!

ఫ్యామిలీ కోస్టర్ అంటే ఎత్తు, వేగం తక్కువ, తలకిందులు చేయదు. ఫ్లోరిడా డిస్నీలో 2018లో వచ్చిన స్లింకీ డాగ్ డ్యాష్‌ను 97 సెంటీమీటర్ల పిల్లలు కూడా ఎక్కొచ్చు. అంతకన్నా నాకు నచ్చింది అక్కడి రైడర్ స్విచ్. చంటిపిల్లతో ఒకరు ఆగితే, రెండోవారు దిగాక వీళ్లు మళ్లీ పెద్ద లైన్ కట్టకుండానే ఎక్కొచ్చు.

వంతులేసుకోవడానికి మనకు డిస్నీ కావాలా? ఇంట్లోవాళ్లకు మనసుంటే చాలు. అది లేకపోతే ఎంత మెత్తటి కోస్టర్ వచ్చినా అమ్మ చెట్టు కిందే.

ఈసారి ముందే చెప్పేశాను. మొదటి వంతు నాది, చెప్పుల కాపలా ఆయనది. మీరూ చెప్పేయండి అక్కల్లారా!