సీల్డ్ కవర్లో ఎవరి గుట్టు?

శ్రీకృష్ణ కమిటీ నివేదిక అనగానే మనవాళ్లకు ఆరు ప్రతిపాదనలు గుర్తుకొస్తాయి. ఎనిమిదో అధ్యాయం గుర్తున్నవాళ్లు తక్కువ. 2010 డిసెంబర్ 30న కమిటీ తన నివేదికను కేంద్ర హోంశాఖకు ఇచ్చింది. 2011 జనవరి 6న దాన్ని జనం ముందు పెట్టారు. శాంతిభద్రతల మీద రాసిన ఎనిమిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అసలు సంగతులు వేరే నోట్‌గా సీల్డ్ కవర్లో ఇచ్చామని చెప్పి ఊరుకున్నారు. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి దీని మీద హైకోర్టుకు పోయారు. ప్రభుత్వం ఆ కవరును న్యాయమూర్తి చేతికిచ్చింది. చదివి మళ్లీ మూసేస్తారనుకుంది కాబోలు. జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి 2011 మార్చి 23న తీర్పు ఇస్తూ అందులోని ముఖ్యమైన మాటలను తీర్పులోనే రాశారు.

ఆ తీర్పులో బయటపడ్డ భాగంలో ఏముంది? సరిహద్దుల రక్షణ గురించి కాదు, శత్రుదేశపు సైన్యం గురించి కాదు. పత్రికలు సర్కారు ప్రకటనల డబ్బు మీద ఆధారపడ్డాయి గనుక జాగ్రత్తగా నడిపితే మనకు పనికొస్తాయన్న సలహా ఉంది. ఏ పార్టీని ఎలా అదుపులో పెట్టాలో ఉంది. ఉద్యమం లేచే చోట్ల బలగాలను ఎలా దించాలో ఉంది. అంటే, రహస్యం అని ముద్ర వేసింది దేశాన్ని కాపాడటానికి కాదు, జనాన్ని ఎలా మలుపుదామనుకున్నారో ఆ జనానికే తెలియకుండా ఉండటానికి. కేంద్రం అప్పీలుకు పోయింది, డివిజన్ బెంచి ఆ తీర్పును నిలిపేసింది. అయితే అప్పటికే ఆ మాటలు ఊరూరా చేరిపోయాయి. సంతలో చెప్పిన మాటను తిరిగి సంచిలో వేయలేరు కదా.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన కార్యవర్గంలో ఒక ప్రశ్న వచ్చింది. ఏదైనా ఆఫీసులో పనిచేసే మనిషి ఎవరైనా పంట నష్టం ఫైలో, కాల్వ ఫైలో తెచ్చి మన చేతిలో పెడితే తీసుకోవాలా, వద్దా? పత్రికలో వేయాలా, వద్దా? దొంగతనపు కాగితం మనకెందుకని కొందరన్నారు. జనం సొమ్ముతో రాసిన కాగితం జనానిది, దొంగతనం ఎక్కడిదని కొందరన్నారు. రెండు మాటల్లోనూ బలముంది. అందుకే ఈ నెల సంపాదకీయం దీనికే కేటాయించాం.

కాగితం దాచిపెట్టి పెత్తనం చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. మునగాల పరగణా జమీందారీ కాలంలో శిస్తు లెక్క దివాణం దస్తరంలో ఉండేది. ఎంత కట్టాం, ఎంత బాకీ అన్నది గుమాస్తా నోటి మాటే. 1930లలో నండూరి ప్రసాదరావు వంటివారు ఇక్కడ రైతులను కూడగట్టినప్పుడు కొట్లాట వెట్టి మీద, శిస్తు మీద జరిగిందని అందరం చెప్పుకుంటాం. ఆ లెక్క అడిగే ధైర్యం రావడం కూడా అందులో భాగమే. జమీందారు పోయాక కరణం మిగిలాడు. పహాణీలో మన పేరు ఉందో లేదో ఆయన ఇంటికి పోయి, గుమ్మం బయట నిలబడి తెలుసుకోవాల్సి వచ్చేది. 1984లో ఆ వ్యవస్థా పోయింది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. అంతకన్నా వింత, పట్టాదారు కోరుకుంటే తన భూమి వివరాలు ఇతరులకు కనబడకుండా దాచుకునే వీలు పెట్టారు. రెండెకరాల రైతుకు దాచుకోవాల్సింది ఏముంటుంది? ఆ సౌకర్యం ఎవరికి అవసరమో వేరే చెప్పాలా? కరణం గుమ్మం కాస్తా కంప్యూటర్ తెరగా మారింది.

రహస్య చట్టం వయసు కూడా చూడండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, తెల్లదొర చేసింది. గూఢచర్యానికి పద్నాలుగేళ్ల దాకా శిక్ష ఉంది. అది సరే. ఐదో సెక్షన్ మాత్రం ఇచ్చినవాణ్నీ, తెలిసి అందుకున్నవాణ్నీ ఇద్దరినీ మూడేళ్ల దాకా లోపల వేయొచ్చంటుంది. ఏది రహస్యమో ఆ చట్టం సరిగా చెప్పదు. ఫైలు మీద ముద్ర వేసే అధికారి చేతిలోనే అదంతా ఉంటుంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక లెక్క మారింది. పాత రహస్య చట్టంతో తేడా వస్తే తనదే పైచేయి అని 22వ సెక్షన్‌లో రాసుకుంది. దాచడం వల్ల కలిగే మేలు కన్నా బయటపెట్టడం వల్ల జనానికి మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చని 8వ సెక్షన్ రెండో భాగం చెబుతుంది. రఫేల్ విమానాల కాగితాలను 2019లో 'ది హిందూ' అచ్చు వేసినప్పుడు అవి దొంగిలించిన పత్రాలని, కోర్టు వాటిని చూడకూడదని కేంద్రం వాదించింది. 2019 ఏప్రిల్ 10న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని కొట్టేసింది. తర్వాత అసలు కేసు వీగిపోయింది, అది వేరే సంగతి. కాగితం ఎలా వచ్చిందన్న ఒక్క కారణంతో దానిలోని నిజాన్ని పక్కన పెట్టనక్కర్లేదన్నది మాత్రం నిలిచింది.

ఇక మన రైతులకు నేరుగా తగిలిన రెండు కాగితాలున్నాయి.

మొదటిది గ్రామాల ఖర్చుల లెక్క. కేంద్ర గణాంకాల వాళ్లు 2017-18లో దేశమంతా ఇంటింటి ఖర్చు సర్వే చేశారు. ఆ నివేదిక బయటికి రాలేదు. 2019 నవంబర్‌లో 'బిజినెస్ స్టాండర్డ్' పత్రిక దాన్ని సంపాదించి అచ్చు వేసింది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే మనిషి నెల ఖర్చు 2011-12లో 1,501 రూపాయలు ఉన్నది 1,446కు పడిపోయింది. పల్లెల్లో అయితే 8.8 శాతం తగ్గింది. పల్లె మనిషి తిండి ఖర్చు తగ్గించుకున్నాడని ప్రభుత్వపు సర్వేనే చెప్పింది. వార్త వచ్చిన రోజే కేంద్రం లెక్కల్లో నాణ్యత లేదంటూ ఆ నివేదికను విడుదల చేయబోమని ప్రకటించింది. ఎవరో ఒక ఉద్యోగి, పేరు మనకు తెలియని మనిషి, ఆ కాగితం బయటికి ఇవ్వకపోతే ఏమయ్యేది? పల్లెలు బాగున్నాయన్న ఉపన్యాసాలకు మన దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ మనిషికి ఈ పత్రిక ద్వారా దండం పెడుతున్నాం.

రెండోది కొంచెం చిక్కు వ్యవహారం. మూడు వ్యవసాయ చట్టాల మీద 2021 జనవరి 12న సుప్రీంకోర్టు స్టే ఇచ్చి నలుగురితో కమిటీ వేసింది. ఒకాయన తప్పుకున్నారు. మిగిలిన ముగ్గురు మార్చి 19న సీల్డ్ కవర్లో నివేదిక ఇచ్చారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఎండలో, వానలో కూర్చునే ఉన్నారు. కవరు మూసే ఉంది. నవంబర్ 19న ప్రధాని చట్టాలు వెనక్కి తీసుకుంటామని చెప్పేదాకా అది తెరవలేదు. కమిటీలో ఒకరైన మహారాష్ట్ర రైతు నాయకుడు అనిల్ ఘన్వట్ బయటపెట్టండని కోర్టుకు ఉత్తరాలు రాసి రాసి, చివరికి 2022 మార్చి 21న తానే విడుదల చేశారు. కమిటీకి అభిప్రాయం చెప్పిన 73 సంఘాల్లో 61 చట్టాలను సమర్థించాయని అందులో ఉంది.

ఆ నివేదిక మనకు వ్యతిరేకం. కొట్లాడిన సంఘాలు ఆ కమిటీ ముందుకే పోలేదు, పోనివాళ్ల లెక్క లేకుండా 61 అంటే దానికి విలువ ఎంత అన్నది మన వాదన. అయినా ఘన్వట్ చేసిన పని సరైనదే అంటున్నాం. మనకు అనుకూలమైన కాగితం వస్తే వీరుడని, వ్యతిరేకమైంది వస్తే ద్రోహి అని అంటే మనకూ సర్కారుకూ తేడా లేదు. పైగా ఆ కవరు 2021 ఏప్రిల్‌లోనే తెరిచి ఉంటే, మన వాళ్లు ఆ 61 లెక్కను అక్కడికక్కడే నిలదీసేవారు.

ఇప్పుడు రెండో వైపు. బయటికి పొక్కిన ప్రతి కాగితం మంచిదేనా? కానే కాదు. మన జిల్లాలో కాగితాలు రోజూ పొక్కుతున్నాయి, కాకపోతే రైతు వైపు కాదు. రోడ్డు ఎటు నుంచి పోతుందో, రింగు ఎక్కడ తిరుగుతుందో గ్రామసభ కన్నా ముందు భూమి బేరగాడికి తెలుస్తుంది. ఎకరం అమ్మేశాక రైతుకు తెలుస్తుంది. అమరావతి భూముల విషయంలో రాజధాని రహస్యం ముందే తెలిసి కొన్నారని సీఐడీ కేసు పెడితే 2021 జనవరిలో ఏపీ హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టూ అందులో జోక్యం చేసుకోలేదు. భూమి కొనుగోలుకు ఆ నేరం వర్తించదన్నది కోర్టు మాట. అక్కడ తప్పు జరిగిందని మేము అనడం లేదు. మనం పట్టించుకోవాల్సింది ఏమంటే, భూమి రహస్యం ముందే తెలుసుకుని కొన్నవాడి మీద ఆ నేరం నిలవదు, జనం కోసం ఫైలు బయటపెట్టిన గుమాస్తా మీద మాత్రం 1923 నాటి చట్టం సిద్ధంగా ఉంది.

నకిలీ విత్తనాల మీద తనిఖీకి వస్తున్నారన్న కబురు దుకాణానికి ముందే చేరడమూ లీకే. 2023లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. పొలం కుదువ పెట్టి కోచింగ్‌కు పంపిన పిల్లలు రోడ్డున పడ్డారు. ఇలాంటి కాగితాలు సమయం వచ్చేదాకా గుట్టుగానే ఉండాలి, బయటపెట్టినవాడికి శిక్ష పడాలి.

సర్కారే చేసే లీకు ఇంకొకటి. కాళేశ్వరం మీద జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. ఆగస్టు 4న ముఖ్యమంత్రి, మన పక్క హుజూర్‌నగర్ నుంచి గెలిచిన నీటిపారుదల మంత్రి సారాంశాన్ని విలేకర్లకు చూపించారు. పూర్తి నివేదిక అసెంబ్లీకి వచ్చింది ఆగస్టు 31న. నెల రోజుల పాటు ఒక పక్క వాళ్లు తమకు కావలసిన ముక్కలు చదివితే, ఇంకో పక్క వాళ్లు కాపీ ఏదని కోర్టుకు పోయారు. ఆ ప్రాజెక్టు ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని, పెట్టిన రూపాయికి వచ్చేది 52 పైసలేనని కాగ్ లెక్క తేల్చింది. ఆ కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీకి వచ్చేసరికి మేడిగడ్డ కుంగి నాలుగు నెలలైంది. సూర్యాపేట వైపు చివరి భూములకు ఆ నీళ్ల మీదే ఆశ. ఆ లెక్కలు ముందే పెట్టి ఉంటే అడిగేవాళ్లు ఉండేవారు.

బయటపెట్టేవాడి సంగతి కూడా ఆలోచించాలి. అమెరికాలో వియత్నాం యుద్ధం కాగితాలు 1971లో బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌కు 115 ఏళ్ల దాకా జైలు పడే కేసు పెట్టారు. సర్కారే ఆయన డాక్టర్ ఆఫీసులో దొంగతనం చేయించిందని తేలడంతో 1973లో అది కొట్టుకుపోయింది. అందరికీ అలాంటి అదృష్టం ఉండదు. మన దేశంలో తప్పు బయటపెట్టినవాళ్లను కాపాడే చట్టం 2014లో పార్లమెంటు చేసింది, అమలు తేదీ ఇంతవరకు ప్రకటించలేదు. మన దగ్గర కాగితం ఇచ్చే గుమాస్తాకు సస్పెన్షన్ వస్తే ఇంటి అద్దె మనం కట్టం. ఆయన పిల్లల ఫీజు మనం కట్టం. కాబట్టి ఆయన్ను తొందరపెట్టే హక్కు మనకు లేదు. అలాగే 2010లో వికీలీక్స్ అఫ్ఘానిస్థాన్ యుద్ధ పత్రాలు వేసినప్పుడు అందులో పల్లెటూరి మనుషుల పేర్లు ఉండిపోయాయి. పెద్ద సైన్యాల తప్పు చూపించబోయి చిన్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చారని మానవ హక్కుల వాళ్లే అభ్యంతరం చెప్పారు.

అందుకని కార్యవర్గం అనుకున్నది ఇది. ఎవరైనా కాగితం తెస్తే ముందు అదే కాగితం సమాచార హక్కు కింద అడగొచ్చా అని చూస్తాం. దొరికేదైతే దరఖాస్తు పెడతాం, తెచ్చిన మనిషి జోలికి పోం. దొరకనిదై, జనం ప్రాణానికో పంటకో సంబంధించినదైతే, వకీలుకు చూపించి, నిజమో కాదో రెండు చోట్ల కనుక్కుని, సారాంశం మన మాటల్లో వేస్తాం. రైతుల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు, ఆత్మహత్య కుటుంబాల వివరాలు ఏ పరిస్థితుల్లోనూ వేయం. అసలు కాగితం ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు. దాని మీది సంతకం, డిస్పాచ్ నంబరు చూసి ఎవరి బల్ల మీది నుంచి వచ్చిందో పట్టేస్తారు. డబ్బు అడిగి కాగితం ఇచ్చేవాడి దగ్గర అసలే తీసుకోం.

సమాచార హక్కు ఒక్కటే చాలునని మేము నమ్మడం లేదు. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా మన రాష్ట్ర సమాచార కమిషన్ ఒక్క కమిషనర్ కూడా లేకుండా ఉండిపోయింది, అప్పీళ్లు గుట్టలుగా పడ్డాయి. తలుపు మూసినవాళ్లే కిటికీలో నుంచి దూకినవాణ్ని దొంగ అంటున్నారు. అయినా అడగడం మానొద్దు.

మొదట అడగాల్సింది కాల్వ సంగతి. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు మన మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. పొలాలు కోసుకుపోయాయి, ఇసుక మేటలు వేశాయి. (పేరులోనే కాగితం ఉన్న ఊరికి కాగితం కోసం తిరగాల్సి రావడం చూడండి.) అంతకు ముందు మూడేళ్లలో ఆ గట్టును ఎన్నిసార్లు తనిఖీ చేశారు, ఇంజనీర్లు ఏం రాశారు, మరమ్మతుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టారు, గండి పూడ్చిన పనికి నాణ్యత పరీక్ష ఎవరు చేశారు? ఇవేవీ దేశ రహస్యాలు కావు. నీటిపారుదల డివిజన్ ఆఫీసుకు దరఖాస్తు ఫీజు పది రూపాయలు, మండల ఆఫీసుకైతే ఐదు, పంచాయతీలో అసలు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు రాసి సిద్ధంగా ఉంది. గండి కింద భూమి పోయిన రైతులు సర్వే నంబరుతో వచ్చి, వచ్చే అమావాస్య లోగా సంఘం ఆఫీసులో సంతకం పెట్టగలరు.