ఆ ఏళ్ళు అమ్ముకోకండి

గాజువాకలో ఒక కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. బాబు కడుపున పడ్డాక మానేసి, పి.ఎఫ్.తోపాటు పెన్షన్ డబ్బూ తీసేసుకున్నాను. ఫ్రిజ్జూ, వాషింగ్ మెషీనూ వచ్చాయి. ఆరేళ్ళ సర్వీసు పోయింది!

యజమాని కట్టే వాటాలోంచి 8.33 శాతం 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకానికి వెళుతుందని మనలో ఎందరికి తెలుసు? పదేళ్ళ సర్వీసు ఉంటే 58వ ఏట నుంచి నెలనెలా పెన్షన్. ఆ పదేళ్ళూ ఒకేచోట, ఏకబిగిన చెయ్యనక్కర్లేదు. మానేసేటప్పుడు డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, మళ్ళీ ఎక్కడ చేరినా పాత ఏళ్ళు కలుస్తాయి. రెండింటికీ ఒకటే ఫారం, 10-సి. ఏది అడిగామన్నదే తేడా. నాకప్పుడు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు ఉద్యోగంలో చేరినా నా లెక్క ఒకటి నుంచే.

స్టీల్‌ప్లాంటులో, పోర్టులో కాంట్రాక్టు పనికెళ్ళే ఆడవాళ్ళకి ఇది మరీ అవసరం. కాంట్రాక్టరు మారినా యు.ఎ.ఎన్. నంబరు మారకుండా చూసుకోవాలి.

"2014లో పెట్టిన కనీస పెన్షన్ వెయ్యి రూపాయలేగా, పాలకైనా చాలుతుందా?" అంటారు మావారు. నిజమే, పెంచాల్సిందే. కానీ తనదంటూ ఆ వెయ్యి కూడా లేని మా అమ్మని అడగమన్నాను.

మొన్న ఎదురింటమ్మాయి కాన్పుకోసం ఉద్యోగం మానేసి, పెన్షన్ డబ్బు తీసుకోవడానికి బయల్దేరింది. ఏడేళ్ళ సర్వీసు! గుమ్మంలోనే ఆపేశాను.