చూచినవారి మాట

ఒక చిత్రమును వేయిమంది చూచినచో వేయి అభిప్రాయములు పుట్టుట వింత గాదు, పుట్టకుండుటయే వింత. కాని ఆ అభిప్రాయములను మన పాఠశాలలలో అడుగువారు లేరు. విద్యార్థి సినిమాను గూర్చి నోరు విప్పినంతనే అది పాఠమునకు అడ్డువచ్చిన సంగతియని మందలించుట మనకు అలవాటు. ఉపాధ్యాయుల గదిలో మాత్రము అదే చిత్రమును గూర్చి తీరికవేళ వాదము జోరుగా సాగుచుండును. పెద్దలకు తగిన చర్చ పిన్నలకు ఏల తగదో ఎవరును చెప్పరు.

ఈ ప్రశ్నను ఊరక గాలిలో ఉంచి మాటాడుటకంటె ఒక చిత్రమును ముందుంచుకొనుట మేలు. కె. ఆసిఫ్ తీసిన ‘మొఘల్-ఎ-ఆజం’ 1960 ఆగస్టు 5న విడుదలైనది. అందులో ప్రేమ కలదు, యుద్ధము కలదు, రాజ్యము కలదు. అక్బరుగా పృథ్వీరాజ్ కపూర్, సలీముగా దిలీప్ కుమార్, అనార్కలిగా మధుబాల నటించిరి. నౌషాద్ సంగీతము కూర్చెను. చాలభాగము నలుపు తెలుపులలో నున్న ఈ చిత్రమునకు 2004లో ఆసాంతము రంగులు దిద్ది మరల విడుదల చేసిరి. కావున తాతలు చూచిన చిత్రమునే మనుమలును చూచుచున్నారు, చేతిలోని ఫోనులో నైనను సరే. మూడు తరములవారు ఒక్క కథను గూర్చి మాటాడుకొను అవకాశము తరచు దొరకునది కాదు.

పుంగనూరు ప్రాంతపు సదుం వంటి ఊళ్ళలో ఇట్టి చిత్రమును ఎట్లు చూతురు? చిత్తూరు సీమ ప్రేక్షకుడు సినిమాతో పుట్టినవాడు గాడు. ధర్మరాజస్వామి ఆలయములయొద్ద జరుగు భారత ఉత్సవములలో పగలు హరికథ, రాత్రి వీధినాటకము నడచును. అర్జునుడు తపస్సుమాను ఎక్కునాడు సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో ఆ మానుక్రింద సాగిలపడి యుందురు. దుర్యోధన వధనాడు నేలపై మట్టితో మలచిన మహాకాయము చుట్టును వేషధారులు గదలతో పరుగులు తీయుదురు. కథ యెల్లరకును తెలిసినదే. ఎవడు గెలుచునో పసిబిడ్డయు చెప్పగలడు. అయినను జనము విరగబడి వచ్చును. ఎందుకు? ఈ యేటి భీముడు ఎట్లున్నాడో చూచుటకు, పద్యము ఎత్తుకొన్నవాని గొంతు నిలుచునో జారునో వినుటకు. అక్షరము రాని ముసలివాడు సైతము రాగము తప్పినచోట తల అడ్డముగా త్రిప్పును. అది విమర్శయే. దానికి మనము ఆ పేరు పెట్టలేదు, అంతే.

ఇట్టి భిన్నాభిప్రాయములను మన పూర్వులు లోపముగా నెంచలేదు. భరతుని నాట్యశాస్త్రములో సిద్ధిని గూర్చిన యిరువది యేడవ అధ్యాయము చూడుడు. యువకులు ప్రేమకు సంతసింతురట. శూరులు రౌద్ర బీభత్సములకును పోరాటములకును సంతసింతురట. వృద్ధులు ధర్మకథలకును పురాణములకును సంతసింతురట. ఉత్తమ ప్రేక్షకునికి వలయు గుణములను పెక్కింటిని చెప్పి, అవి యన్నియు ఒక్కనియందు దొరకవని కూడ ముని యొప్పుకొనెను. ఇంకొక మాట మరింత రుచిగా నున్నది. జనము నవ్వుట, మెచ్చుట, అయ్యో యనుట, గగుర్పాటుతో లేచుట, ఇవి మానుషసిద్ధికి గుర్తులు. కాని రంగస్థలము నిండియుండియు చప్పుడు గాని కలవరము గాని లేకున్న, అది దైవసిద్ధి. ఈలలు లెక్కించి చిత్రమునకు వెల కట్టువారు దీనిని ఒకమారు చదువవలెను.

ఆ కొలతబద్దతో చూచినచో ‘మొఘల్-ఎ-ఆజం’ను గూర్చి వినవచ్చు మాటలు ఒక క్రమములో పడును. అద్దాల మహలులో అనార్కలి చక్రవర్తి యెదుట వెరవక ఆడి పాడిన ఘట్టమును పడుచువారు మెచ్చుకొందురు. తండ్రి కొడుకుల సేనలు ఢీకొన్న యుద్ధమును కొందరు మెచ్చుకొందురు. తండ్రి మాట కాదన్న కొడుకు కథ యిదేమి కథయని పెద్దలు సణుగుదురు. అయినను కడవరకు కదలరు. భర్తకును బిడ్డకును నడుమ నలిగిన జోధాబాయిని తలచి కంటతడి పెట్టు తల్లులు వేరు. వీరిలో ఎవరి మాటయు తప్పు గాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క వాకిట నిలిచి యింటిని చూచుచున్నారు.

భాష సంగతి కూడ కొంత చెప్పవలెను. మదనపల్లె, పుంగనూరు అంగళ్ళలో ఉర్దూ వినబడుట క్రొత్త గాదు. కాని సంతలో బేరమాడు దక్కనీకిని అక్బరు కొలువులోని ఉర్దూకును చాల దూరము. నలుగురు రచయితలు కూర్చిన ఆ సంభాషణలు పద్యములవలె తూగును. అర్థము చిక్కనివానికిని ఆ తూగు చిక్కును. మన పద్యనాటకములకు అలవాటుపడిన చెవి దానిని పరాయిగా తలపదు. ఇది నా యూహ మాత్రమే గాదు. తెలుగువారు ఈ కథను తమదిగా చేసికొనుటయే సాక్ష్యము. 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వచ్చిన ‘అనార్కలి’లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నాయికానాయకులుగా, ఎస్.వి. రంగారావు అక్బరుగా నటించిరి. మరల 1979లో నందమూరి తారకరామారావు తానే అక్బరై ‘అక్బర్ సలీమ్ అనార్కలి’ని నిర్మించెను. ఒక్క పాత్రను పృథ్వీరాజ్ ఎట్లు నిలిపెను, రంగారావు ఎట్లు నిలిపెను, రామారావు ఎట్లు నిలిపెను అని పోల్చి నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో పదవ తరగతి పిల్లవాడు ఉత్సాహముతో వ్రాయును. అదే పిల్లవానిని ‘పాత్రపోషణ యనగా నేమి’ యని యడిగినచో గైడుపుస్తకము వెదకును.

ఇక చిత్రము చివర. అనార్కలిని సజీవముగా గోడలో కట్టించెనన్నది లోకములో వాడుకైన కథ. ఆసిఫ్ దానిని మార్చెను. సలీము పుట్టిన శుభవార్త తెచ్చిన దాసికి అక్బరు పూర్వము ఒక వరమిచ్చియుండెను. ఆ దాసియే అనార్కలి తల్లి. ఆమె ఆ వరమును అడుగగా, చక్రవర్తి అనార్కలిని రహస్యముగా సొరంగమార్గమున విడిచిపెట్టును. సలీముకు మాత్రము తెలియనీయడు. దీనిని కొందరు కథకుని పిరికితన మందురు. విషాదమును చివరిదాక మోయలేక ప్రక్కదారి పట్టెనని వారి వాదము. నాకట్లు తోచదు. అక్కడినుండి కొడుకును లోకమును అక్బరును హంతకుడనియే తలచును. నిజము తెలిసినది ఆ తల్లీకూతుళ్ళకు, చక్రవర్తికి, చూచుచున్న మనకు. లోకాభిప్రాయమునకును నిజమునకును నడుమ నెంత దూరముండగలదో ఆ ఒక్క మలుపు చూపినది. చిత్రమునకు అనార్కలి పేరు గాక ‘మొఘలులలో ఘనుడు’ అను అర్థము గల పేరు పెట్టుట అందుకే తగియున్నది. ఆ పెద్దరికము ముందు సలీము పాత్ర కొంత వెలవెలబోయినదన్నను నేను కాదనను.

చరిత్రోపాధ్యాయు డిచ్చట గొంతు సవరించుకొనును. అతని మాటయు వినవలసినదే. అక్బరు చరిత్రను సవిస్తరముగా వ్రాసిన అబుల్ ఫజల్ అనార్కలి నెరుగడు. రాజైన పిమ్మట జహంగీరుగా సలీము వ్రాసికొన్న స్వీయచరిత్రలో ఆమె ప్రసక్తి లేదు. 1611లో లాహోరులో నున్న విలియం ఫించ్ అను ఆంగ్ల వర్తకుడు అచ్చటి సమాధిని గూర్చి తాను విన్న కథ వ్రాసెను. ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922లో రచించిన ఉర్దూ నాటకముతో ఈ ప్రేమకథ దేశమంతట వ్యాపించెను. సలీము తండ్రిపై తిరుగబడుట మాత్రము నిజము. 1600 ప్రాంతమున అలహాబాదులో వేరు కొలువు పెట్టెను. అది ప్రేమకై గాదు, సింహాసనమునకై. అప్పటి కతడు ముప్పది దాటిన వాడు, భార్యలు బిడ్డలు గలవాడు. 1602లో అబుల్ ఫజలును చంపించినది తానేయని జహంగీరు దాచక వ్రాసికొనెను. ఈ చరిత్ర చిత్రకథకంటె తక్కువ ఉత్కంఠ గలది గాదు. అయినను ‘సినిమా అంతయు అబద్ధము’ అని ఒక్క మాటతో కొట్టివేసిన ఉపాధ్యాయుడు, ‘సినిమాలో చూపినారు గదా’ యను విద్యార్థికంటె ఎక్కువ చెప్పినవాడు గాడు. ఏది యెచ్చట కల్పన యయ్యెను, ఎందు కయ్యెను అని యడుగుటలోనే పాఠ మున్నది.

చూడకయే అభిప్రాయము పుట్టినచో నేమగునో మనము ఇటీవలనే చూచితిమి. సంజయ్ లీలా భన్సాలీ ‘పద్మావత్’ తీయుచుండగా 2017 జనవరిలో జయపురమున చిత్రీకరణ స్థలముపై దాడి జరిగినది. అల్లాఉద్దీనును రాణిని కలలో కలిపి చూపుదురన్న వదంతి దానికి మూలము. చిత్రము పేరు మారినది; కొన్ని రాష్ట్రములు నిషేధించినవి; 2018 జనవరి 18న సుప్రీంకోర్టు ఆ నిషేధములను నిలిపివేసినది. వారము తిరుగగనే, జనవరి 25న, చిత్రము విడుదలైనది. చూచినవారికి ఆ కల యెచ్చటను కనబడలేదు. ఆ రాణి కథను జాయసీ కావ్యముగా చెప్పినది 1540లో. అల్లాఉద్దీను చిత్తోడును (మన చిత్తూరు గాదు, రాజస్థానపు కోట) పట్టుకొన్నది 1303లో. నడుమ రెండువందల ముప్పది యేడేండ్లు. ఈ రెండు సంవత్సరములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూపుటకు ఎంత సేపు పట్టును? అంతపాటి పని జరుగక, లేని దృశ్యమునకై ఇండ్లలోను వీధులలోను ఎన్ని మాటలు తూలినవో! ఒకే బడిలో ఒకే బల్లపై అక్బరును అర్జునుడును కూర్చుండి చదువుకొను మన ఊళ్ళకు అట్టి మాటలు దూరపు సంగతులు గావు.

కనుక తెలుగు ఉపాధ్యాయుడు నెలకొక గంట దీనికి కేటాయించినచో పాఠ్యక్రమము కూలిపోదు. పిల్లలు ఎట్లును చూచుచునేయున్నారు. చూచిన చిత్రమును గూర్చి వ్రాయుమనవలెను. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను రెండు మాటలను ఆ గంటకు నిషేధింపవలెను. కథ నచ్చెనా, నటన నచ్చెనా, మాట నచ్చెనా విడదీసి చెప్పవలెను. నీవు చెప్పినది తెరపై ఎచ్చట చూచితివని యడుగవలెను. చరిత్రకథ యైనచో చరిత్రోపాధ్యాయుని కూడ తరగతికి పిలువవలెను. ఆయన తన గంట పోయెనని అలుగకుండ చూచుకొనుట ప్రధానోపాధ్యాయుని పని. ఇంటికి పోయి తాతను అవ్వను అడిగి, వారు అదే చిత్రమును గూర్చి యేమనిరో క్రింద వ్రాసికొని రమ్మనవలెను. ఆ కాగితములకు మార్కులు వేయవద్దు. వేసినచో మరుసటి నెలకు అన్ని కాగితములలోను ఒకే అభిప్రాయము కనబడును.