గొంతు ఎవరిది, జవాబు ఎవరిది?

మా లింగంపల్లి అపార్ట్‌మెంట్‌లో తడిచెత్త, పొడిచెత్త మీద రెండు నిమిషాల వీడియో తీశారు. "కథలు రాస్తారుగా అక్కా, మాటలు మీరే రాసి చదవండి" అన్నారు. రాసి చదివితే నాలుగు నిమిషాలొచ్చింది! "పర్యావరణ పరిరక్షణ మనందరి బాధ్యత" లాంటివన్నీ కొట్టేశాను. బొమ్మలో బుట్ట కనబడుతుంటే 'ఇది బుట్ట' అని చెప్పడమెందుకు? ఫ్యాను ఆపి, తలుపులేసుకుని రికార్డు చేశాను.

తీరా విన్నాక ఒకాయన, "యాస వినబడుతోంది. ఏఐ గొంతు పెట్టేద్దాం, ఖర్చుండదు" అన్నారు.

మన ముంబై రోడ్డు పట్టుకుని పోతే జహీరాబాద్ వస్తుంది. ఆ పక్కనే మాచనూరులో 2008 అక్టోబరు 15న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సంగం రేడియో మొదలుపెట్టారు. ఆ సంఘాల దళిత మహిళా రైతులే కెమెరాలు పట్టి, బీటీ పత్తితో నష్టపోయిన వరంగల్ రైతుల గోడు వీడియో తీశారు. వాళ్లు దిద్దుకోని యాస, డిగ్రీ చదివిన నేనెందుకు దిద్దుకోవాలి?

యంత్రం గొంతు చూపులేనివాళ్లకు చదివిపెడుతుంది, మాట పోయినవాళ్లకు మాటవుతుంది. మంచిదే. కానీ కాసిని మాటలు దొరికితే చాలు, అది మన గొంతునూ అనుకరిస్తుంది. మోసగాళ్లకూ అదే పనిముట్టు. అందుకే గొంతు ఇచ్చే ముందు, ఎందుకని అడగాలి.

చివరికి నా గొంతే ఉంచారు. మర్నాడు చెత్త తీసుకెళ్లే లక్ష్మి మా బుట్ట చూసి, "వీడియోల చెప్పింది మీరే గదమ్మా, మరి ఇదేంది?" అంది. అన్నంలో పాల కవరు!

యంత్రాన్నయితే అలా అడగగలదా?